లీజర్ పీరియడ్‌లో ఎక్కడ కూర్చోవాలి?

(కొత్తగా ఉద్యోగంలో చేరిన ఉపాధ్యాయుల కోసం ఒంగోలులో ఏర్పాటైన సమావేశంలో ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయురాలి ప్రసంగానికి అక్షరరూపం. చాలావరకు మాట్లాడింది మాట్లాడినట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారం. మైకు కొంచెం కిందికి దించు నాయనా, నా ఎత్తుకి అందట్లేదు. ఆ, చాలు.

నన్ను 'బోధనలో మెళకువలు' అని మాట్లాడమన్నారు. మెళకువలు చెప్పేవాళ్లు మీకు ట్రైనింగుల్లో బోలెడుమంది దొరుకుతారు, బొమ్మలు కూడా వేసి చూపిస్తారు. నేను స్టాఫ్ రూమ్ గురించి మాట్లాడతానన్నాను. ఫోన్లో అవతల కాసేపు చప్పుడు లేదు. "అందులో చెప్పడానికి ఏముంటుంది మేడం?" అన్నారు తర్వాత. ఆ మాట విన్నాక ఇక వేరే ఏదీ మాట్లాడబుద్ధి కాలేదు.

మీలో చాలామంది 2025 మెగా డీఎస్సీలో, అదే టీచర్ల ఎంపిక పరీక్షలో, వచ్చినవాళ్లు. 16,347 పోస్టులకి ఎన్ని లక్షలమందితో పోటీపడి వచ్చారో నాకంటే మీకే బాగా తెలుసు. చదువులో మీరు మా తరం కంటే ముందున్నారు, అందులో నాకు అనుమానం లేదు. కానీ ఈ ఉద్యోగంలో సగం పని పుస్తకంలో లేదు. ఆ సగం నాకు ఎక్కడ దొరికిందో చెప్తాను.

నేను 1989లో చేరాను, సెకండరీ గ్రేడ్ టీచరుగా, ఎస్జీటీ అంటామే, అదే. ఉలవపాడు దగ్గర సముద్రం వైపున్న ఒక ఊళ్లో హైస్కూలు. ఒంగోలు నుంచి ప్యాసింజరెక్కి ఉలవపాడులో దిగి, అక్కణ్ణించి ఏది దొరికితే అది. మొదటి రోజు ఏ పాఠం చెప్పానో ఇప్పుడు అడిగితే చెప్పలేను. ఏ కుర్చీలో కూర్చోబోయి లేచానో మాత్రం చెప్పగలను. చేతులున్న కుర్చీ ఒక్కటే ఖాళీగా ఉంటే వెళ్లి కూర్చున్నాను. గదిలో అందరూ మాట్లాడటం ఆపేశారు. అటెండరు వచ్చి మెల్లగా, "అది లెక్కల సారుది తల్లీ, ఇట్టా వచ్చి కూర్చో" అని కిటికీ పక్కన మూడుకాళ్ల స్టూలు చూపించాడు. మూడేళ్లు ఆ స్టూలు మీదే కూర్చున్నాను. (నవ్వులు)

ఆ గది మీకు కొంచెం చూపించాలి. పెంకుల కప్పు, మధ్యలో పొడుగాటి టేకు బల్ల. దాని మీద ఎన్ని తరాల బ్లేడు గాట్లున్నాయో. ఒక మూల మ్యాపుల చుట్టలు, వాటి పక్కనే పీఈటీ గారి, అంటే ఆటల మాస్టారి, వాలీబాల్ నెట్టు. ఇంకో మూల మంచినీళ్ల కుండ. గోడకి ఒక పలక ఆనించి ఉండేది, మార్కాపురం పలకే, అప్పట్లో మన జిల్లాలో ఇంకెక్కడి పలక ఉండేది? ఆరోజు ఎవరు సెలవో, వాళ్ల పీరియడ్లు ఎవరికి పడ్డాయో దాని మీద సుద్దతో రాసేవాళ్లు. 'అడ్జస్ట్‌మెంట్' అంటారు ఇప్పటికీ. పొద్దున్నే అందరి కళ్లూ ముందు ఆ పలక మీదికే వెళ్లేవి. లీజరు పోయినవాళ్ల మొహాలు చూసి తీరాల్సిందే.

ఈ 'లీజర్' అన్న మాటతోనే నాకు పేచీ. ఎవరు పెట్టారో కానీ మన కొంప ముంచిన పేరు. పాఠం లేని పీరియడ్‌ని విశ్రాంతి అని మనమే పిలుచుకుంటే, బయటినుంచి తొంగిచూసినవాళ్లు "ఏంది, అయ్యవార్లు ఖాళీగా కూర్చోని కబుర్లు చెప్పుకుంటున్నారు" అనరా మరి? అంటారు. అన్నారు కూడా. ఆ పీరియడ్‌లో నలభై నోటు పుస్తకాలు దిద్దుతాం. రేపటి పాఠానికి నోట్స్ రాస్తాం. పదోతరగతి వాళ్ల నామినల్ రోల్స్‌లో, అంటే పరీక్షకి పంపే పేర్ల జాబితాల్లో, పుట్టినతేదీలు సరిచూస్తాం. ఫీజు కట్టనివాడి నాన్నకి ఫోన్ చేస్తాం. మధ్యలో ఒక గ్లాసు టీ. చూసేవాళ్లకి ఆ టీ ఒక్కటే కనిపిస్తుంది.

విద్యాహక్కు చట్టం మీరు పరీక్షకి బట్టీపట్టే ఉంటారు. 2009లో చేశారు, 2010 ఏప్రిల్ 1 నుంచి అమలు. దాని చివర షెడ్యూలు ఉంది, స్కూలుకి ఏమేం ఉండాలో చెప్పే పట్టిక. టీచరు వారానికి కనీసం 45 గంటలు పనిచెయ్యాలని, ఆ 45లో పాఠానికి తయారయ్యే సమయం కూడా కలిసే ఉంటుందని అందులో రాసి ఉంది. చాలా మంచి మాట. తయారవడం కూడా పనే అని చట్టం ఒప్పుకుంది. సరే, ఎక్కడ కూర్చుని తయారవ్వాలి? అదే షెడ్యూల్లో భవనం గురించి ఉన్నచోట చూడండి. ప్రతి టీచరుకీ ఒక తరగతి గది. ఆఫీసు, స్టోరు, హెడ్మాస్టరు గది... ఈ మూడూ కలిపి ఒకటి. ఆడపిల్లలకీ మగపిల్లలకీ వేరువేరు మరుగుదొడ్లు, మంచినీళ్లు, వంటగది, ఆటస్థలం, ప్రహరీ. అంతే. స్టాఫ్ రూమ్ అన్న మాట లేదు.

సర్కారు బళ్లని బాగుచేసే నాడు-నేడు పథకం మొదలైంది ఈ ఒంగోలులోనే కదా, 2019 నవంబరు 14న. నేను ఆ జాబితా కూడా చదివాను. నీళ్లొచ్చే మరుగుదొడ్లు, తాగునీరు, ఫ్యాన్లు, లైట్లు, ఆకుపచ్చ బోర్డులు, రంగులు, ప్రహరీలు. పిల్లలతో పాటు స్టాఫుకీ ఫర్నిచరు ఇచ్చారు. మంచిదే, నా స్టూలు కష్టం ఎవరికీ రాకూడదు. కుర్చీలొచ్చాయి, వాటిని వేసుకోవడానికి గది మాత్రం జాబితాలో లేదు. ఇందులో ఎవరినో తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. ఏ పార్టీ ప్రభుత్వం పట్టిక తయారుచేసినా అట్టాగే తయారవుతుంది, ఎందుకంటే బడి అంటే తరగతి గది అనే అందరి మనసులోనూ ఉంది. జపాన్‌లో అయితే స్కూలుకొక పెద్ద గది, టీచర్లందరి బల్లలూ అందులోనే. పొద్దున అక్కడ కలిసి మాట్లాడుకుని, అక్కణ్ణించే క్లాసులకి వెళ్తారు. పిల్లవాడు లోపలికి రావాలంటే గుమ్మంలో ఆగి "క్షమించాలి, లోపలికొస్తున్నా" అని చెప్పి మరీ రావాలి. మనకి అంత అక్కర్లేదనుకోండి.

ఇక ఆ గదిలో నేనేం నేర్చుకున్నానో చెప్తాను.

ఏడో తరగతికి సైన్సు చెప్పేదాన్ని. గుండె పాఠం. నాలుగు గదులు, పైన రెండు కర్ణికలు, కింద రెండు జఠరికలు, చెడురక్తం ఇటు, మంచిరక్తం అటు. బోర్డు మీద రంగు సుద్దలతో ఎంత చక్కగా గీసినా పిల్లలు కుడి ఎడమ తారుమారు చేసేవాళ్లు. పరీక్షలో ఒకడు రక్తాన్ని ఊపిరితిత్తుల్లోంచి సరాసరి బొటనవేలికి పంపించాడు. ఆ పేపరు పట్టుకుని స్టాఫ్ రూమ్‌లో తల పట్టుకుంటే మా బయాలజీ సారు, రిటైర్మెంటు దగ్గరున్న మనిషి, "ఏందమ్మా అట్టా కూర్చున్నావు?" అన్నారు. చెప్పాను. అప్పుడే అందరూ అన్నాలకి కారియర్లు విప్పుతున్నారు.

ఆయన నాలుగు గిన్నెలు తీసుకుని రెండు వరసలుగా బల్ల మీద పెట్టారు. పై వరస రెండు, కింది వరస రెండు. హిందీ మేడం గారి చారు లాక్కున్నారు, సోషల్ సారు మజ్జిగ లాక్కున్నారు. "ఇది చెడురక్తం" అని కుడిపక్క పై గిన్నెలోకి చారు పోశారు. "నీ కుడి కాదమ్మా, గిన్నెల కుడి. గుండె నీకు ఎదురుగా నిలబడి ఉంది, దాని కుడిచెయ్యి నీ ఎడమకి వస్తుంది. పిల్లలు తప్పుతోంది ఇక్కడే." ఆ చారుని కింది గిన్నెలోకి వంచి, అక్కణ్ణించి కిటికీ వైపు చెయ్యి చూపించి, "ఊపిరితిత్తులకి పోయింది, గాలి తగిలింది" అన్నారు. తర్వాత ఎడమపక్క పై గిన్నెలోకి మజ్జిగ, కింది గిన్నెలోకి మజ్జిగ. కింది గిన్నెని వేలితో టంగుమని కొట్టి, "దీని గోడ మందం ఎక్కువ ఎందుకు? పైది పక్కింటికి పంపితే చాలు. ఇది ఊరంతా తిప్పాలి" అన్నారు.

హిందీ మేడం ఆరోజు చారు లేకుండా తిన్నది. నేను ముప్పై ఏళ్లకు పైగా ఆ నాలుగు గిన్నెలతోనే గుండె చెప్పాను. ఏ లెసన్ ప్లాన్‌లోనూ రాయలేదు దాన్ని, రాస్తే తనిఖీకొచ్చినవాళ్లు ఏమనుకుంటారో అని. (నవ్వులు)

ఇక్కడ ఒక సంగతి గమనించండి. నేను ఆ సందేహం హెచ్.ఎం. గారిని అడిగి ఉండేదాన్ని కాదు. ఆయనకి చెప్తే పాఠం చెప్పడం రాదన్నది రికార్డయినట్టే అని భయం. ట్రైనింగులో అడిగేదాన్నా? వందమంది ముందు లేచి, "నా పిల్లలకి గుండె రావట్లేదు" అని ఎవరంటారు? పక్క కుర్చీలో మనిషిని అడగాలంటే లేచి నిలబడక్కర్లేదు. గిన్నె మూత తీస్తూ అడిగెయ్యొచ్చు.

ఆ ఊళ్లోనే ఇంకొకటి. ఎనిమిదో తరగతిలో ఒక పిల్లాడు మొదటి పీరియడ్‌లోనే నిద్రపోయేవాడు. తల బల్లమీద వాల్చి, నోరు తెరిచి, గాఢనిద్ర. లేపి నిలబెట్టేదాన్ని, నిలబడి ఊగేవాడు. ఒకరోజు కోపమొచ్చి వరండాలో నిలబెట్టి, స్టాఫ్ రూమ్‌కొచ్చి ఆ పిల్లాడి మీద విసుక్కున్నాను. నెట్టు ముడులు విప్పుకుంటున్న పీఈటీ గారు తలెత్తకుండా అన్నారు, "వాడు రాత్రి రెండింటికి వాళ్ల నాయనతో పడవ మీద పోతాడు మేడం. వాళ్లన్న కాలు విరిగింది కదా, రెండో మనిషి లేడు. తెల్లారి వల దులిపి, చేపలు తట్టకెత్తి అట్నే బడికొస్తాడు." ఆయనది ఆ ఊరే. ఊళ్లో అందరికీ తెలిసిన సంగతి నాకు మాత్రం తెలియదు, ఎందుకంటే నేను నాలుగున్నర బండికి వెళ్లిపోయే మనిషిని.

మరుసటి రోజు నుంచి ఆ పిల్లాణ్ణి ఏమీ అనలేదు. మొదటి పీరియడ్ పడుకోనిచ్చేదాన్ని, మూడో పీరియడ్‌కి వాడే లేచేవాడు. మొదటి పీరియడ్ పాఠం మధ్యాహ్నం వాడి పక్కవాడి చేత చెప్పించేదాన్ని. అది సరైన పద్ధతా కాదా అంటే ఏమో. పడవ ఆగలేదు, కానీ వాడు బడి మానలేదు. ఆ మాట పీఈటీ గారి నోట రాకపోయుంటే నేను వాణ్ణి వరండాలో నిలబెట్టీ నిలబెట్టీ బడి మాన్పించేసేదాన్నే.

తర్వాత పొగాకు ఊళ్లలో పనిచేశాను, కొండపి వైపు. అక్కడా ఇట్టాంటి సంగతులే. ఆకు కొట్టే కాలంలో సగం క్లాసు ఖాళీ. పిల్లలు ఆకు గుచ్చడానికి పోతారు, ఆకుని వేడికి ఆరబెట్టే బ్యారన్ దగ్గర రాత్రి మంటకి కాపలా ఉంటారు. ఏ ఊళ్లో కాపు ముందొస్తుంది, ఎవరింట్లో బ్యారన్ ఉంది, ఏ వారం యూనిట్ టెస్టు పెడితే పిల్లలు దొరుకుతారు... ఇవన్నీ స్టాఫ్ రూమ్ బల్ల దగ్గర తెలిసేవి. అకడమిక్ క్యాలెండర్‌లో పొగాకు ఉండదు కదా.

నేను ఆ గదిని గుడి చేసి చెప్తున్నాననుకుంటారేమో. వినండి.

ఒక స్కూల్లో, ఊరు చెప్పను, కుండ పక్కన స్టీలు గ్లాసులు ఆరేడు బోర్లించి ఉండేవి. అందులో ఒక గ్లాసు అడుగున ఎర్ర నెయిల్ పాలిష్ చుక్క ఉండేది. గుర్తుకోసం పెట్టుకున్నారేమో అనుకున్నాను. రెండు నెలలకి కానీ అర్థం కాలేదు, ఆ గ్లాసుతో ఒకే ఒక్క సారు నీళ్లు తాగుతారని. ఆయన ఎప్పుడూ వేరే గ్లాసు తియ్యరు, వేరేవాళ్లు ఎప్పుడూ ఆ గ్లాసు తియ్యరు. ఎవరూ ఎవరికీ చెప్పరు. ఎందుకో మీకు నేను చెప్పక్కర్లేదు. ఆయన ఇంగ్లిషు చెప్పేవారు, మా అందరిలోకీ మంచి టీచరు. క్లాసులో సమానత్వం గురించి పాఠం చెప్పి వచ్చి ఆ చుక్క గ్లాసుతో నీళ్లు తాగేవారు. నేను చూస్తూ ఉన్నాను. అర్థమయ్యాక కూడా రెండేళ్లు చూస్తూ ఊరుకున్నాను. కొత్తదాన్ని, ఆడదాన్ని, ట్రాన్స్‌ఫర్ మీద వచ్చినదాన్ని అని మనసుకి చెప్పుకున్నాను. మీ ముందు ఒప్పుకుంటున్నాను, నోరు విప్పలేదు.

తర్వాత కొత్తగా ఒక తెలుగు మేడం వచ్చింది. మొదటిరోజే చేతికందిన గ్లాసు తీసుకుంది, అదే. ముంచుకుని గటగటా తాగి, అడుగున చుక్క చూసి, "ఇదేంటండీ, బొట్టు పెట్టారు గ్లాసుకి?" అంది. ఒక్కరూ మాట్లాడలేదు. తెలిసి చేసిందో తెలియక చేసిందో ఈరోజుకీ నాకు తెలియదు, అడిగితే నవ్వేది. వారం తిరిగేలోపు ఒక్కొక్కరూ ఇంటినుంచి వాటర్ బాటిళ్లు తెచ్చుకోవడం మొదలుపెట్టారు. నెలకి కుండ ఎండిపోయింది, గ్లాసులు బీరువాలోకి పోయాయి. చుక్క పోయిందని ఆ సారుతో ఎవరో అంటే, "పోలేదు, ఎవరి బాటిల్లోకి వాళ్లు పట్టుకెళ్లారు" అన్నారాయన.

ఆడవాళ్ల సంగతి కూడా ఒక మాట. మేము నలుగురం ఎప్పుడూ బల్లకి ఒక చివరే. మాట మగవాళ్ల వైపు మొదలై మా వైపు వచ్చేసరికి బెల్లు కొట్టేసేది. జీతాలు పెంచే పీఆర్‌సీ, డీఏ, సంఘాల ఎన్నికలు అటు. కూరలు, పిల్లల జ్వరాలు ఇటు. ఆ బీరువా కింది అరలో పాత ప్రశ్నపత్రాల వెనక ఒక ప్యాకెట్ ఎప్పుడూ ఉండేది. ఎవరు కొన్నా అందరిదీ. ఆడపిల్ల ఎవరైనా మొహం చిన్నబుచ్చుకుని గుమ్మంలో నిలబడితే మాలో ఒకరు లేచి బీరువా తీసేవాళ్లు. మగవాళ్లు ఆ నిమిషం పేపరు చదువుకునేవాళ్లు, అదొక మర్యాద. తర్వాత బళ్లలో నాప్కిన్లు ప్రభుత్వమే ఇవ్వడం మొదలుపెట్టింది. అప్పుడు లేవు.

గది లేకపోతే ఏమవుతుందో కూడా చూశాను. మధ్యలో మూడేళ్లు కనిగిరి వైపు ఒక ఏకోపాధ్యాయ పాఠశాల. 1987లో ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్ అని వచ్చింది, ప్రతి బడికీ కనీసం రెండు గదులు, ఇద్దరు టీచర్లు ఉండాలని. మా బడి దాకా రెండో గది వచ్చింది, రెండో టీచరు రాలేదు. ఆ ప్రాంతం నీళ్లు మీకు తెలుసు, ఫ్లోరైడు. పిల్లల పళ్ల మీద గోధుమరంగు చారలు. ఇంటినుంచి రెండు లీటర్ల డబ్బా మోసుకుపోయేదాన్ని. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఐదు తరగతులు, నలభై మంది, నా స్థాయిలో మాట్లాడే మనిషి ఒక్కరు లేరు. ఒక మాట నిజం చెప్పనా? సాయంత్రం బస్సులో కండక్టరు "టికెట్" అంటే, ఆయనతో పిల్లల భాగహారాల గురించి చెప్పడం మొదలుపెట్టాను ఒకసారి. పాపం, కాసేపు విన్నాడు కూడా.

నెలకొకసారి స్కూల్ కాంప్లెక్స్ మీటింగ్ ఉండేది, చుట్టుపక్కల బళ్ల టీచర్లందరం కలిసేది. అజెండా ఏదైనా కానీ మా ఏకోపాధ్యాయులందరం మధ్యాహ్నం అన్నాల దగ్గరే అసలు మీటింగ్ పెట్టుకునేవాళ్లం. అక్కడ ఒక పెద్దాయన ఉండేవారు, 398 టీచరుగా మొదలైనాయన. నెలకి 398 రూపాయల మీద ప్రభుత్వం ఒకప్పుడు స్పెషల్ టీచర్లని వేసుకుంది, మీ అమ్మానాన్నల్ని అడగండి, చెప్తారు. ఐదు తరగతుల్ని ఒకే గదిలో ఎట్టా నడపాలో ఆయన నాకు అన్నం ఎంగిలి చేత్తో నేల మీద గీసి చూపించారు. ఐదో తరగతి వాళ్ల మొహాలు ఒక గోడకి, ఒకటో తరగతి వాళ్లవి ఇంకో గోడకి. "మధ్యలో నువ్వు గడియారం ముల్లు మాదిరి తిరుగు" అన్నారు. తిరిగాను.

ఇప్పటి సంగతికొస్తాను. టైము చూస్తున్నారు మావాళ్లు.

స్టాఫ్ రూమ్ మాటని ఫోను మింగేసింది. 2022 ఆగస్టులో మొహం చూపించి హాజరు వేసే యాప్ వచ్చింది. అంతకుముందు పొద్దున రిజిస్టర్‌లో సంతకం పెట్టి, పలక చూసి, ఒక పది నిమిషాలు మాట్లాడుకుని ప్రార్థనకి వెళ్లేవాళ్లం. ఇప్పుడు ఆ పది నిమిషాలు సిగ్నల్ కోసం గేటు దగ్గర ఫోను పైకెత్తి నిలబడటానికి సరిపోతున్నాయి. లీజర్ పీరియడ్‌లో గుడ్ల లెక్క, హాజరు, మార్కులు, అన్నీ ఫోన్లోనే. మధ్యలో కొన్నాళ్లు మరుగుదొడ్ల ఫొటోలు కూడా తీసి పెట్టాం. ఆరుగురు టీచర్లు ఒకే గదిలో కూర్చుని ఆరు ఫోన్లలోకి చూస్తుంటే, పక్కవాళ్ల క్లాసులో పిల్లాడు నెలరోజులుగా రావట్లేదన్న సంగతి ఎవరి నోట్లోంచి బయటికొస్తుంది?

స్టాఫ్ వాట్సాప్ గ్రూపు ఉంది కదా అంటారు. ఉంది. రాత్రి తొమ్మిదింటికి "రేపు ఉదయం 10 లోపు పంపవలెను" అని ఒక మెసేజ్, దానికింద పద్నాలుగు దణ్ణాలు. పడవ మీద పోయే పిల్లాడి మాట గ్రూపులో ఎవరూ పెట్టరు. పెట్టకూడదు కూడా. కొన్ని మాటలు నోటితో చెప్పి, విన్నవాళ్ల దగ్గరే ఉంచాల్సినవి.

చివరగా నా తప్పు ఒకటి చెప్పి దిగిపోతాను. నేను హెచ్.ఎం.గా ఉన్న రోజులు. 2022లో 3, 4, 5 తరగతుల్ని దగ్గర్లోని హైస్కూళ్లలో కలిపారు, మీకు తెలుసు, తర్వాత ఆ పద్ధతి మార్చారు. మా బడికి ఒక్కసారే డెబ్బైమంది చిన్నపిల్లలు వచ్చారు. గదులు లేవు. అన్ని గదులూ ఒకటికి రెండుసార్లు తిరిగి చూశాను. ఎవరినీ అడగలేదు. సాయంత్రం నేనే తాళం తీసి, స్టాఫ్ రూమ్‌లోంచి బల్లా, కుర్చీలూ వరండాలోకి గెంటించి, ఆ గది మూడో తరగతికి ఇచ్చాను. పిల్లలకి చెట్టుకింద కంటే గది ముఖ్యం కదా అనుకున్నాను. ఇప్పుడు అడిగినా అదే చేస్తానేమో. కానీ దాని ఖరీదు నాకు అప్పుడు తెలియలేదు.

మొదటి వారం అందరూ వరండాలోనే కూర్చున్నారు. రెండో వారానికి ఎండ. ఇద్దరు లైబ్రరీ మూలకి, ఒకరు ల్యాబ్‌లోకి, లెక్కల సారు బండి సీటు మీద పేపర్లు పెట్టుకుని దిద్దడం మొదలుపెట్టారు, గాలికి ఒక పేపరు గేటు దాటి పోయింది. చిన్నపిల్లలతో పాటు వచ్చిన ఇద్దరు ఎస్జీటీ మేడంలు క్లాసులోనే కూర్చుని అక్కడే అన్నాలు తినేవాళ్లు. ప్రైమరీ వాళ్లంటే హైస్కూలు వాళ్లకి మొదటినుంచీ ఒక చిన్నచూపు, ఆ గోడ బల్ల దగ్గరైతే నాలుగు అన్నాలకి కరిగేది. బల్లే లేదు. అర్ధసంవత్సర పరీక్షలు దగ్గరపడ్డాక ఒకరోజు ఆరో తరగతిలో ఒక పిల్లకి చదవడమే రాదని ఇంగ్లిషు మేడం నా దగ్గరికి ఫిర్యాదుగా వచ్చింది. ఆ పిల్లకి చూపు ఆనదని, అద్దాలు పగిలిపోయి ఆర్నెల్లయిందని, ముందు బెంచీలో కూర్చోబెడితే చదువుతుందని మా ఎస్జీటీ మేడంకి బడి తెరిచినప్పటి నుంచి తెలుసు. ఆ పిల్ల చెల్లెలు ఆమె క్లాసే. ఇద్దరి మధ్యా దూరం అరవై అడుగుల వరండా. ఆ మాట అది దాటడానికి ఆర్నెల్లు పట్టింది.

ఆరోజు సాయంత్రం దాతల దగ్గరికి వెళ్లాను. గది కట్టడానికి డబ్బు ఎవరూ ఇవ్వలేదు, తరగతి గదైతే ఇస్తామన్నారు. చివరికి ఒక పొగాకు రైతు పాత బ్యారన్ విప్పుతుంటే ఆ రేకులు అడిగి తెచ్చాం. వరండా చివర నాలుగు గొట్టాలు పాతి రేకులు దించాం. టేకు బల్ల కాదు, ప్లైవుడ్ బల్ల, ఒక కాలు కింద ఇటుకముక్క.

నేను రిటైరయ్యాక కూడా రెండుసార్లు వెళ్లాను. అది ఇంకా అట్టాగే ఉంది. ఎస్జీటీ మేడంలు ఇప్పుడు అక్కడే తింటున్నారు. పడమటి వైపు అడ్డం లేదు కాబట్టి మధ్యాహ్నం బల్ల సగం ఎండలో ఉంటుంది. మీలో ఎవరికైనా ఆ స్కూలు పడితే అన్నానికి తూర్పు చివర కూర్చోండి. అక్కడ కుర్చీ ఎవరిదీ కాదు, ముందే చెప్పి వచ్చాను.